గోడ మీద ఆఖరి బొట్టు

మా తోడికోడలు పోయిందని కోడూరు నుంచి ఫోను వచ్చినప్పుడు నేను జడ వేసుకుంటున్నాను. రిసీవరు పెట్టేశాక జడ పూర్తి చేశాను. చెయ్యి దాని పాటికది తిరిగింది. అలా తిరిగేలా చేసింది ఆవిడేనని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

తొమ్మిదేళ్ళ క్రితం బందరులో, మా ఇంటి పంపు దగ్గర పాచి మీద జారి పడ్డాను. కుడి భుజానికీ మోచేతికీ మధ్య ఎముక రెండు ముక్కలైంది. ఆపరేషన్ చేసి, ప్లేటు వేసి స్క్రూలు బిగించారు. సంగతి తెలిసి మా తోడికోడలు ఎండు రొయ్యల పొట్లం, బట్టల సంచీ పట్టుకుని పిలవకుండానే దిగింది.

"ప్లేటంటే స్టీలుదా అక్కా, ఇత్తడిదా?" అంది వచ్చీరాగానే.

ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పినదాన్ని. చూడవచ్చిన ప్రతివాళ్ళకూ ఆ ప్రశ్నను కాఫీతో పాటు వడ్డించాను. కాఫీ తెచ్చిచ్చేది ఆవిడే. వాళ్ళతో పాటు నవ్వేది కూడా.

కుట్లు విప్పాక డాక్టరుగారు చెయ్యి కదపమన్నారు. వంగి ఊపాలి, గోడ మీద వేళ్ళు పైకి పాకించాలి, బరువు మాత్రం ఎత్తకూడదు. నేను బుద్ధిగా తలూపి ఇంటికొచ్చి, చేతిని మెడలోని గుడ్డ ఉయ్యాల్లో పడుకోబెట్టాను. కదిపితే స్క్రూలు ఊడొస్తాయని భయం. చదువుకున్నదాన్ని గనుక దానికి విశ్రాంతి అని పేరు పెట్టాను. నెల తిరిగేసరికి భుజం బిగుసుకుపోయింది. రవిక తొడగాలన్నా మరో మనిషి కావాలి. ఇలాగే వదిలేస్తే జన్మంతా ఇంతేనన్నారు డాక్టరుగారు.

"లే అక్కా, గోడెక్కు," అంది మా తోడికోడలు ఆ సాయంత్రం.

"నేనేమన్నా బల్లినా?"

"బల్లికైతే చెప్పక్కర్లేదు. నీకే చెప్పాల్సొస్తోంది."

వేళ్ళు గుండె ఎత్తుకి వెళ్ళి ఆగిపోయాయి. ఆవిడ తడి కుంకుమలో వేలు ముంచి అక్కడ బొట్టు పెట్టింది. "అంకెలు రాయడం నాకు రాదుగా. రేపు దీన్ని దాటాలి."

రోజుకో బొట్టు. నొప్పికి నేను నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. "తిట్టు, తిడుతూనే ఎత్తు," అనేది. "తలుపు తీస్తూ ఉంటే మడతబందు ఊడదక్కా, తియ్యకపోతేనే తుప్పు పడుతుంది." ఎదురింటావిడ వచ్చి గోడ చూసి నోరు తెరిస్తే, "మా తోడికోడలు గోడని పెళ్ళికూతుర్ని చేస్తోందండీ," అన్నాను. దానికీ మా తోడికోడలు నవ్వింది.

రెండు నెలలకి బొట్లు నా తల దాటాయి. మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళే ముందురోజు పొట్టిమనిషి పీట ఎక్కి, అన్నిటికన్నా పైన ఒక బొట్టు పెట్టింది. "ఇది రేపొచ్చి అందుకో. అది చూసి మా ఊరెళ్తాను."

మర్నాడు డాక్టరుగారు నా చెయ్యి ఎత్తించి చూసి ఆశ్చర్యపోయారు. "ఇంత శ్రద్ధగా ఎవరు చేయించారండీ?"

"నేనే చేసుకున్నానండీ."

"ఈవిడ?"

తలుపు పక్కన ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉంది. వెలిసిన చీర, బురదకి పగిలిన మడమలు. నాకు నామోషీ వేసింది.

"ఇంట్లో సాయంగా ఉంటుందండీ."

వ్యాకరణం ప్రకారం అందులో అబద్ధం లేదు. చుట్టరికమే లేదు.

రిక్షా ఎక్కాం. ఇల్లు దగ్గరపడ్డాక, "పమిట జారింది, సర్దుకో అక్కా. కుడిచేత్తో," అంది. తెల్లారి నాట్లు పడుతున్నాయని చెప్పి కోడూరు బస్సెక్కింది. పై బొట్టు మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

తర్వాత ఏ పెళ్ళిలో కలిసినా ముందు నా చెయ్యే చూసేది. "ఎత్తు చూద్దాం," అనేది. ఎత్తేదాన్ని. చెయ్యి లేచింది గానీ, క్షమించమనడానికి నోరు లేవలేదు. బందరు నుంచి కోడూరుకి బస్సులు లేవనీ అనలేను.

మొన్న కోడూరులో ఆవిడ ఇంటి ముందు ఎవరో కుర్చీ వేస్తూ, "మీరేమవుతారండీ?" అని అడిగారు. "నా తోడికోడలు," అన్నాను, గట్టిగా. వినాల్సిన మనిషి చాప మీద పడుకుని ఉంది.

సున్నం వేయించినప్పుడల్లా ఆ గోడలో జానెడు వెడల్పు చోటు వదిలెయ్యమంటాను. ఎందుకని అడిగితే చెమ్మ అంటాను. అదీ వ్యాకరణం ప్రకారం అబద్ధం కాదు. ఇవాళ పొద్దున దాని ముందు నిలబడి వేళ్ళు పాకించాను. వెలిసిన బొట్లన్నీ ఒక్కొక్కటే కిందికి పోయాయి. మునివేళ్ళ మీద లేచాను. పీట ఎక్కి పెట్టినది మాత్రం ఇంకా రెండంగుళాల పైనే ఉంది.