కువైటు జీతం, కడప ఖర్చు

నాకు భయం పుట్టుకతోనే వచ్చింది. కడపలో ఏడురోడ్ల దగ్గరి చికెన్ ఫ్రై అంగట్లో చేరిన కొత్తలో, కాగే నూనెలో ముక్క వేసి అవతలికి గెంతేవాణ్ణి. ముక్కల కోసం నిలబడినవాళ్ళు నన్ను చూసి నవ్వేవాళ్ళు. అట్లాంటి నాకు కువైటు వీసా వస్తోందంటే భయమేయదా మరి?

వీసా చూస్తున్నది నా బామ్మర్ది. కువైటులో బర్గర్లమ్మే పెద్ద అంగట్లో వాడి పని, నాకూ అక్కడే చూస్తున్నాడు. నేనూ నూనె ముందే, వాడూ నూనె ముందే. నాకొచ్చే జీతం వాడు దినార్లలో చెప్పగానే మా ఆవిడ ఫోన్లో రూపాయలకు మార్చింది. నా జీతానికి నాలుగింతలు. అందులోంచి మా ఇంటి బాడుగ, బియ్యం, పాప స్కూలు ఫీజు తీసేసి, తక్కినదంతా మిగులే అంది. సంతోషంతో ఆమె ముఖం వెలిగిపోయింది.

నాకు మాత్రం ఆ లెక్క చూస్తేనే భయం. జీతం కువైటుది, ఖర్చు కడపది. నేను అక్కడ తినాలి, పడుకోవాలి కదా? మా వైపు అందరూ వేసే లెక్క ఇదే. కువైటు నుంచి ఎవరైనా సెలవుకొస్తే ఏం తెచ్చినావని అడుగుతాం. అక్కడ ఏం తింటున్నావని మాత్రం అడగం. అడిగితే వాళ్ళను చిన్నబుచ్చినట్టు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం నేను అంగడికి బయల్దేరుతుంటే బామ్మర్ది వీడియో కాల్ చేశాడు. ఎప్పటిలాగే వెనక వాళ్ళ అంగడి బోర్డు కనబడేట్టు నిలబడ్డాడు. మా ఆవిడ పొయ్యి దగ్గర నుంచి వింటోంది. ఉన్న ధైర్యమంతా కూడదీసుకుని అడిగేశాను.

"ఏమప్పా, మీరమ్మే బర్గరు ఒకటి కొనల్లంటే నువ్వు ఎంతసేపు పని చేయల్ల?"

"ఎందుకు బావా?"

"ఈడ మా బకెట్టు చికెన్ కొనల్లంటే నా దినం కూలి చాలదు. అందుకే అడుగుతాండా."

వాడు నవ్వాడు. "మేము బర్గర్లు యాడ తింటాం బావా. రొట్టె, పప్పు. రూముకూ తిండికీ పోతే సగం జీతం ఉండదు. రెండో పని చేసి ఇంటికి పంపుతాండా."

"మరి నన్నెందుకు రమ్మంటాండావు?"

వాడి నవ్వు ఆగిపోయింది. బోర్డు దగ్గర నుంచి పక్కకు నడిచాడు. ఇప్పుడు వెనక ఉత్త గోడ.

"నువ్వొస్తే తోడుంటావని బావా. మా రూములో ఒకాయన జరమొచ్చి పండుకొని మళ్ళీ లేయలేదు. అప్పుడు అందరం డ్యూటీలో ఉంటిమి. ఆయన పక్క మంచమే నాది. శానా భయమైతాంది."

ఊళ్ళో కొట్లాటలకు ముందుండే వీడు, పిరికివాణ్ణయిన నన్ను తోడు రమ్మంటున్నాడు.

మా ఆవిడ వచ్చి ఫోను లాక్కుంది. "నువ్వే వచ్చేయప్పా. టికెట్టు మేం తీస్తాం."

"పాస్‌పోర్టు ఓనరు దగ్గరుండాదిక్కా."

"అడుగు."

"అడిగినా."

ఫోను రెండు చేతులతో పట్టుకుని, ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగని మాట తమ్ముణ్ణి అడిగింది.

"పొద్దున్నించి ఏం తింటివప్పా?"

వాడు తల దించుకున్నాడు.

"ఇంకా తినలేదక్కా" అన్నాడు.