పన్నెండు గంటల పళ్ళెం

మా మేనత్త పోయింది. పోయిన మంగళవారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మత్తిగిరిలో మా ఇంటి వెనక తన గది ముందు ఎండలో కూర్చుంది. అమ్మ పూలు కోసుకుని వచ్చేసరికి కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. నేనప్పుడు బెంగుళూరులో ఆఫీసులో ఉన్నాను. నాన్న ఫోను చేసి, "పాపా, మీ అత్త షిఫ్టు అయిపోయిందమ్మా" అన్నాడు.

ఆ మాట ఆమెదే. హోసూరులో చేతి గడియారాలు బిగించే ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు పనిచేసింది. పెళ్ళెప్పుడని ఎవరడిగినా "షిఫ్టులో ఉండానప్పా, అయినాక చెప్తా" అనేది. అడిగేవాళ్ళు అడిగి అడిగి అలిసిపోయారు గానీ ఆమె షిఫ్టు అవలేదు. కళ్ళు మసకబారాక ఉద్యోగం తనే మానుకుని ఇంటికొచ్చింది. ఇంక పాపం ఆమె చేతికి ఏం పని ఉంటుందని చుట్టాలు జాలిపడ్డారు. ఆ జాలి ఎంత అనవసరమో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆమె దగ్గర ఒక పెద్ద స్టీలు పళ్ళెం ఉండేది. దాని అంచు చుట్టూ ఎర్రటి గోళ్ళ రంగుతో పన్నెండు చుక్కలు, గడియారంలో అంకెలు ఉండేచోట. ఆమె జీవితంలో కొన్న ఒకే ఒక్క గోళ్ళ రంగు సీసా అలా ఖర్చయింది. ఏ వస్తువు విప్పినా మొదట ఊడిన ముక్క ఒంటిగంట దగ్గర, తర్వాతది రెండు దగ్గర, అలా వరసగా పేర్చేది. బిగించేటప్పుడు వెనక నుంచి తీసుకుంటూ వచ్చేది. తొంభైల్లో మా వీధిలో పాడైన మిక్సీ గానీ, టేబుల్ ఫ్యాను గానీ ఆ పళ్ళెంలో పడుకోకుండా పోలేదు. "పళ్ళెం ఖాళీ అయితేనే పని అయినట్టు" అనేది. ఒక్క మర మిగిలినా మళ్ళీ మొదటి నుంచి విప్పేది. ఆ ఫ్యాను తిరుగుతోంది కదత్తా, వదిలెయ్ అని నేను ఒకసారి అంటే, "ఫ్యానుకు తెలీదమ్మా, నాకు తెలుసును గదా" అంది.

నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నాను. ఎర్రది, పైకప్పు గుడ్డది, నేలకు జానెడు ఎత్తులో రెండే రెండు సీట్లు. మా వీధిలో పిల్లలు దాన్ని బొమ్మ కారు అనేవాళ్ళు. అమ్మ దాంట్లో కూర్చుంటే రోడ్డు మీద కూర్చున్నట్టుందని దిగిపోయింది. నాకు మాత్రం దాన్ని చూస్తే చాలు, ఆకలి వేసేది కాదు. కొన్న నాలుగు నెలలకే బ్రేకు తొక్కితే ముందు చక్రాల్లోంచి కరకరమని చప్పుడు మొదలైంది. హోసూరులో ముగ్గురు మెకానిక్కులు చూశారు. ముగ్గురూ దాని చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, ఇలాంటి బండి ఎప్పుడూ విప్పలేదని తల గోక్కున్నారు.

నాన్న ముప్పయ్యేళ్ళు లారీ నడిపిన మనిషి. కృష్ణగిరి పోయే దారిలో మేలుమలై దిగుడు ఆయనకు అరచెయ్యి అంత పరిచయం. అక్కడ బ్రేకులు పట్టని బళ్ళు ఏమయ్యాయో కళ్ళారా చూసినవాడు. ఆ కరకర విన్న రోజే కారు అమ్మేయమన్నాడు. నేను మొండికేశాను. రెండు రోజులు ఒకే ఇంట్లో మాటల్లేకుండా తిరిగాం. మూడో రోజు ఆయనే దిగివచ్చి ఒక మాట చెప్పాడు.

"ఆదివారం దాన్ని మేలుమలై దించు. కింద టీకొట్టు కాడ నేనుంటా. నా ముందర వంకర పోకుండా నిలిచిందా, నీ బండి నీది. ల్యాకపోతే సోమవారం బండి కొనేదానికి బెంగుళూరు ఆయప్ప వస్తాడు, ఇచ్చేద్దాం. సరేనా?"

సరేనన్నాను. లోపల నాకూ భయంగానే ఉంది, కాకపోతే ఒప్పుకోవడం నామోషీ.

అప్పటిదాకా ఓ పక్కన చిక్కుడుకాయలు గిల్లుతున్న అత్త, చెయ్యి కడుక్కుని లేచింది. "చక్రం ఊడదీసి చూపించు పాపా. అరిగిందేదో దాన్నే అడుగుదాము."

జాకీ ఎత్తి చక్రం విప్పాం. ఫ్యాక్టరీ రోజుల భూతద్దం కంటికి బిగించి, లోపలి ఇనుప డిస్కును, దాన్ని రెండు పక్కలా పట్టి ఆపే ప్యాడ్లను చాలాసేపు చూసింది. ప్యాడ్లు అప్పడం మందాన అరిగిపోయాయి. "ఇంతేనా? గడియారంలో ఇంతకన్నా చిక్కు పనులుంటాయే" అంది. నా ప్రాణం లేచివచ్చింది. ఆ పాత ప్యాడ్‌ను రుమాల్లో చుట్టుకుని బెంగుళూరులో నాలుగు కొట్లు తిరిగి, సరిగ్గా సరిపడేవి నాలుగు తెచ్చాను. ఎడమ చక్రానికి రెండు, కుడికి రెండు.

అది ఆయుధ పూజ వారం. కత్తిపీట, కుట్టు మిషను, నాన్న పాత స్పానర్ల పెట్టె, వాటి పక్కన నా ప్యాడ్ల డబ్బా కూడా దేవుడి ముందు పెట్టాం.

శనివారం పొద్దున అత్త గది ముందు చాప పరిచి, పళ్ళెం పెట్టి పని మొదలుపెట్టాం. నేను విప్పడం, ఆమె పేర్చడం. పది గంటలకల్లా పళ్ళెం ఖాళీ. ఇంజను స్టార్టు చెయ్యబోతే ఆమె ఆపింది. "ముందర పెడల్ తొక్కు. గట్టిపడేదాకా తొక్కు. మొదట ఆగేది, పొయ్యేది తరువాత." అయిదారుసార్లు తొక్కితే గానీ పెడల్ గట్టిపడలేదు. తొక్కకుండా బయలుదేరి ఉంటే గేటును ఊడగొట్టుకుని ఎదురింట్లో ఉండేవాళ్ళం. అప్పటి నుంచి ఆ మాట నాకు వేదం.

పశువుల ఫారం పక్క రోడ్డు తిన్నగా ఉంటుంది. అక్కడికి తీసుకెళ్ళి మెల్లగా బ్రేకు తొక్కాను. కారు ఆగింది, కానీ ఆగుతూ ఆగుతూ ముక్కు కుడిపక్కకు తిప్పింది. ఇంకోసారి తొక్కాను. ఈసారి రోడ్డు మధ్యకే పోయింది. మేలుమలైలో కుడిపక్క అంటే ఎదురొచ్చే లారీలే. పనంతా అయిందనుకున్న సంతోషం అక్కడే ఫారం ఆవుల ముందు పోయింది.

అత్త కంగారుపడలేదు. "కుడివి పట్టుకుంటాండాయి, ఎడమవి జారుతాండాయి. ఇంటికి పోనీ" అంది. ఎడమ చక్రం మళ్ళీ విప్పి, పళ్ళెం మళ్ళీ నింపి, ప్యాడ్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. అమ్మను కేకేసింది.

"వదినా, పూజ దినం వీటికి బొట్టు పెట్టినావా?"

"పెట్టకుండా ఎట్లుంటానమ్మా? పైనున్న రెండిటికీ పెట్టినా. కుంకుమ నిలిచేది ల్యా, దీపంలో నూనె వేలికద్ది పెట్టినా. తరువాత తుడిచినాన్లే."

"యాడ పెట్టినావు?"

"ముఖానికే. ఒకపక్క నల్లగా రేకుంది, అది వీపు. గీత ఉండే పక్క ముఖం."

సరిగ్గా డిస్కును పట్టే పక్కే అది. అమ్మ భక్తిగా, ఒక్క పొరపాటూ లేకుండా, నువ్వుల నూనె రాయకూడని చోటే రాసింది. సంగతి తెలిసి ఆమె ముఖం పాలిపోయింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, అరిచేదాన్నే. అత్త నా మోచెయ్యి నొక్కింది. "మీయమ్మ నీ బండికి ఏమీ కాకూడదని పెట్టింది పాపా. నూనె పెట్టింది, మనసు పెట్టింది. నూనె మాత్రం తీసేద్దాం."

అంది గానీ, అది అంత సులువు కాదు. నూనె పీల్చిన ప్యాడ్‌ను నమ్మడానికి లేదు, కొత్తవి తేవడానికి ఆ శనివారం ఆ కొట్టుకు సెలవు. కడప బండ మీద గరుకు ఎమరీ పేపరు పరిచి, నీళ్ళు చల్లి, కొంగు ముక్కుకు కట్టుకుని రుద్దింది. స్పిరిటుతో కడిగి, తెల్ల కాగితం మీద బోర్లించి, పైన ఇటుక పెట్టి ఎండలో ఉంచింది. కాగితం మీద నూనె మరక దిగితే లోపల ఇంకా ఉన్నట్టు.

మొదటిసారి తీస్తే రూపాయి బిళ్ళంత మరక. మళ్ళీ రుద్దింది. రెండోసారి పెసరగింజంత. నాకు అది చాలనిపించింది. "ఇంత మరకేం చేస్తుందత్తా, బిగించేద్దాం" అన్నాను.

ఆమె భూతద్దం తీసి నా వైపు చూసింది. "ఇంగొక్కసారి చూస్తా. ఈ తూరి గూడా మరకొస్తే మీ నాయనతో నేనే చెప్తా, అమ్మేయన్నా అని. నువ్వు నాపైన కోపం పెట్టుకున్నా సరే."

ఊరికే బెదిరించే మనిషి కాదు. నా కారు నిజంగానే ఆ ఇటుక కింద ఉందని అప్పుడు అర్థమైంది. అన్నం తినమని అమ్మ మూడుసార్లు పిలిచింది, ఇద్దరం లేవలేదు. ఎండ గోడ వైపు జరిగింది. అత్త ఇటుక తీసి, కాగితం రెండు వేళ్ళతో ఎత్తి ఆకాశానికి అడ్డంగా పట్టుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. నా చేతికిచ్చింది. తెల్ల కాగితం, ఇంకేమీ లేదు. నేను గంతేసి ఆమెను వాటేసుకున్నాను. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, విషయం అడక్కుండానే తనూ వాటేసుకుంది.

ఎడమవి సన్నబడ్డాయి కాబట్టి కుడివీ విప్పి అంతే రుద్దింది, స్కేలు పెట్టి కొలిచింది. సాయంత్రం ఫారం రోడ్డు మీద కారు ముక్కు తిప్పకుండా ఆగింది. ఇరవైసార్లు ఆపించింది. "కొత్తవి గదా, డిస్కుతో మచ్చిక కావల్ల" అని. కంచె అవతల ఆవులు మమ్మల్ని చూడటం మానేసి మేతలో పడ్డాయి.

ఆదివారం నాన్న ముందు బస్సుకు వెళ్ళిపోయాడు. నేను ఒక్కదాన్నే కదా అనుకుంటూ బయటికొస్తే అత్త అప్పటికే పక్క సీట్లో ఉంది, బెల్టు పెట్టుకుని, ఒళ్ళో చేతిసంచితో.

"అత్తా, నువ్వెందుకు?"

"నేను బిగించిన దాంట్లో నేను కూర్చోకపోతే ఎవురు కూర్చుంటారు?"

శూలగిరి దాటి మేలుమలై చేరాం. దిగుడు మొదలైంది. ముందు టమోటా బుట్టల లారీ ఒకటి మూలుగుతూ దిగుతూ, ఉన్నట్టుండి ఆగిపోయింది. తొక్కాను. కారు గీత గీసినట్టు తిన్నగా నిలబడింది. పక్కకు చూస్తే అత్త గాలికి రేగిన జుట్టు సర్దుకుంటూ టమోటాలు బాగున్నాయే అంది.

కింద టీకొట్టు ముందు నాన్న రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు, చెప్పు కొనతో మట్టిలో గీత గీసుకుని. చక్రం ఆ గీత మీద ఆపాను. ఆయన వంగి రెండు చక్రాల దగ్గరా అరచెయ్యి పెట్టి, వేడి రెండు పక్కలా ఒకటేనా అని చూశాడు. లేచి "సరే" అన్నాడు. అంతే. అత్త బల్ల వైపు చూసి, "ఏమన్నా, మేం దిగకముందే మూడు టీలు చెప్పి పెట్టినావే?" అంది. నాన్న తన టీ గ్లాసు అందుకున్నాడు. నేను కాలరెగరేసినంత పని చేశాను. అంత గొప్పగా నేను ఏ పరీక్షా ప్యాసు కాలేదు.

అది జరిగి ఏడేళ్ళు. కారు ఇంకా నాతోనే ఉంది. ప్యాడ్లు అరిగిన ప్రతిసారీ చాప పరిచాం, పళ్ళెం పెట్టాం. ఈసారి మార్చాల్సిన వారంలోనే ఆమె పోయింది.

దహనం మరుసటి రోజు నేను ఒక్కదాన్నే పళ్ళెం తీశాను. ఇంట్లో చావు పెట్టుకుని స్పానర్లు పట్టుకోవడమేమిటని చుట్టాలు గొణిగారు. నాన్న వాళ్ళను లోపలికి పంపించి, వచ్చి చాప మీద కూర్చున్నాడు. నేను విప్పాను, ఆయన పేర్చాడు. అమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుని దూరంగా నిలబడింది. పళ్ళెం ఖాళీ అయ్యాక నాన్న అన్నాడు, "రేపు అస్థికలు కృష్ణగిరి డ్యాముకు. ఆ బండిలో పెట్టుకుని నువ్వే దించు. నేను ముందర బస్సుకు పోతా."

మూడో రోజు ఎర్ర గుడ్డ కట్టిన ముంతను పక్క సీట్లో పెట్టి బెల్టు బిగించాను. కదలకముందు పెడల్ తొక్కి చూశాను. మేలుమలై దిగాను. ఏడవలేదు, ఏడిస్తే రోడ్డు కనపడదని ఆమే తిట్టేది. కింద టీకొట్టు ముందు మట్టిలో గీత ఉంది. చక్రం దాని మీద ఆపాను.

నాన్న ఈసారి వంగి చక్రాలు తాకలేదు. నేరుగా అటుపక్కకు వెళ్ళి, తలుపు తీసి, ముంత మీద అరచెయ్యి పెట్టాడు.

"ఆగింది చెల్లీ," అన్నాడు. "బాగా ఆగింది."

వెనక బల్ల మీద మూడు గ్లాసుల్లో టీ పొగలు కక్కుతోంది.