బాయి గేటు దగ్గర నవ్వు

ఆ రోజు బాయి గేటు దగ్గర రీలులో మిగిలిన ఆఖరి ఫోటో తీసి, ఇక పనేముందని వెనక్కి తిరిగాను. నా తప్పు అక్కడ మొదలైంది. ఇంకొక్క నిమిషం నిలబడి ఉంటే ఆ నవ్వుకు అర్థమేమిటో నా కళ్ళతో నేనే చూసేవాణ్ణి.

బాయి అంటే మా వైపు బొగ్గు గని. కరీంనగర్ నుంచి వచ్చి మంచిర్యాలలో చిన్న ఫోటో స్టూడియో పెట్టుకున్నాను. పెళ్ళి జంటలూ, ఉద్యోగాల దరఖాస్తులకు ముఖాలూ, దాంతో పొట్ట గడిచేది. కానీ నా మనసంతా రోడ్డు మీద ఉండేది. తీరిక దొరికితే కెమెరా మెడలో వేసుకుని బస్టాండులో, అంగట్లో, షిఫ్టు విడిచే వేళ బాయి గేటు దగ్గర ఎవరెవరివో ఫోటోలు తీసేవాణ్ణి. ఉట్నూరు సంతలో ఒక ముసలాయన ఖాళీ బుట్ట ముందు కూర్చుని ఉంటే, అమ్ముకోవడానికి ఏమీ మిగలని మనిషి అని చెప్పుకున్నాను. సరుకంతా అమ్ముడుపోయి బీడీ తాగుతూ కూర్చున్నాడేమో అని నాకు తోచలేదు. తెలియని మనుషుల ఫోటోల్లో ఒక సౌకర్యం ఉంది. మనం ఏం చెప్పినా వాళ్ళు వచ్చి కాదనరు.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం, షిఫ్టు కాని వేళ సైరన్ మోగింది. లోపల బండ కూలిందన్నారు. అందరూ గేటు వైపు పరుగెత్తారు, నేనూ పరుగెత్తాను. వాళ్ళు తమ మనుషుల కోసం, నేను ఫోటోల కోసం. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని గుంపుగా నిలబడ్డారు. లోపలి నుంచి ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. ఆ గుంపులో ఒక పడుచు ఉన్నట్టుండి తల ఎత్తి, పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. చుట్టూ ఏడుపు ముఖాలు, మధ్యలో ఆ నవ్వు. కెమెరా నొక్కాను. రీలు అయిపోయింది. వచ్చేశాను.

ఆ ఫోటోను పెద్దది చేసి స్టూడియో ముందు అద్దాల పెట్టెలో పెట్టాను. కింద చిన్న కాగితం మీద ‘ఈ నవ్వు వెనక ఏమున్నదో’ అని రాశాను. ఎక్కడ తీసిందీ ఏ రోజుదీ రాయలేదు. రాయనక్కరలేదు, వెనక గేటు కనబడుతూనే ఉంది, అది ఏ రోజో ఊరందరికీ తెలుసు. పక్క హోటల్లో చాయ తాగేవాళ్ళు గ్లాసులు పట్టుకునే వచ్చి చూసేవారు. మొగుడి పీడ వదిలిందనుకున్నదేమో అని ఒకరు, ఇంకెవణ్ణో చూసి నవ్విందని ఇంకొకరు. నన్నడిగితే తల ఊపి, ఆడదాని మనసు ఎవరికి తెలుసన్నట్టు ఊరుకునేవాణ్ణి. నా ఊరుకోవడాన్ని వాళ్ళు ఒప్పుకోవడంగా తీసుకున్నారు. ఫోటో ముందు గుంపు చేరడం నాకు బాగుండేది. ఇది ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగుతోంది, కానీ బాగుండేదన్నది నిజం.

వానలు పడ్డాక ఒక రోజు ఫోటోలోని ఆమే వచ్చింది. నుదుట బొట్టు లేదు. అద్దాల పెట్టె ముందు చాలాసేపు నిలబడి, తర్వాత లోపలికి వచ్చింది. ఆమెను గుర్తుపట్టి నేను లేచి నిలబడ్డాను.

“గా ఫోటో తీసినోడివి నువ్వేనా అన్నా?” అంది.

అవునన్నాను.

“ఎందుకు నవ్విన్నో అడుగకపోతివి.”

తిట్టలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. గేటులోంచి ఒక మనిషి వస్తుంటే తన మొగుడే అనుకుందట. “బొగ్గు మొఖాలు, అందరియి ఒక్కతీరుగనే ఉంటయి గద. ఎత్తు గంతే, నడక గట్లనే. బతికొచ్చిండని నవ్విన. దగ్గరికొచ్చి మాట్లాడిండు. గొంతు వేరే.”

ఆమె మొగుణ్ణి ఆ సాయంత్రం బట్ట కప్పి తెచ్చారు. కర్మలయ్యాక ఫోటో సంగతి వాళ్ళుండే బాయి క్వార్టర్ల దాకా పోయింది. అత్త వచ్చి చూసింది. మొగుడు చచ్చిన రోజు పళ్ళికిలించిన దానికి తన ఇంట్లో జాగ లేదని, మూడేళ్ళ బిడ్డను తన దగ్గర ఉంచుకుని, ఆమెను మంథని పక్క పల్లెలో ఉన్న తల్లిగారింటికి పంపేసింది.

నేను అద్దం తెరిచి ఫోటో తీసి చింపబోయాను.

“చింపితె ఏమైతది? అందరు జూసిండ్లు,” అంది. “మా అత్తకు చెప్పు. నా బిడ్డ నాకు గావాలె.”

మరునాడే క్వార్టర్‌కు వెళ్ళాను. పెద్దామె గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది, మనవరాలు పక్కన రాళ్ళతో ఆడుకుంటోంది. నేను చెప్పిందంతా చేట మీద నుంచి తల ఎత్తకుండా విన్నది.

“పెండ్లాం మొగన్ని గుర్తువట్టదా బిడ్డా? నేనైతే నా కొడుకును చీకట్ల గూడ గుర్తువడ్త.”

ఎంత చెప్పినా అదే మాట. నేను లేవబోతుంటే ఆమే అడిగింది. కొడుకు ఫోటో ఒక్కటి కూడా ఇంట్లో లేదట. గేటు కాడ అందరివీ తీస్తావు కదా, మా వాడిది ఎక్కడన్నా ఉందేమో చూడమంది. ఆశ దొరికినట్టయింది. షిఫ్టు విడిచే వేళ తీసినవి పెట్టెలో ఎన్నో ఉన్నాయి. ఎప్పటివని చూసుకోకుండా, దొరికినవన్నీ పట్టుకొచ్చి ఆమె ముందు పోశాను. ఇది కూడా నా తొందరే.

ఒక్కొక్కటే కంటి దగ్గర పెట్టుకుని చూసింది. ఒక దాని దగ్గర ఆగింది. భుజాన తువ్వాల, మసి పట్టిన ముఖం, తెల్లటి కళ్ళు.

“గీడే,” అంది. “గీడే నా కొడుకు.” కొంగుతో ఫోటోను తుడిచి, మనవరాలిని ఒళ్ళోకి లాక్కుని, బాపును చూడమని చూపించింది. పిల్ల ఆ ముఖం మీద వేలు పెట్టింది.

ఆ ఫోటో నేను పోయిన వారం తీసింది. అందులోని మనిషి ఆ పొద్దున కూడా మా పక్క హోటల్లో చాయ తాగాడు.

ఊరుకుంటే ఆ తల్లికి గోడకు పెట్టుకోవడానికి ఒక ముఖం ఉంటుంది. చెబితే అది పోతుంది. కానీ కొడుకును చీకట్లో కూడా గుర్తుపడతానన్న మనిషి, పగటి వెలుగులో, ఫోటో చేతిలో పట్టుకుని పొరబడింది. కోడలు చేసిన తప్పు ఇదేనని చూపడానికి నా దగ్గర ఇంతకంటే వేరే సాక్ష్యం లేదు. ఒకసారి నోరు మూసుకుని ఒక ఆడమనిషి బతుకు చెరిపాను. ఈసారి నోరు తెరిస్తే ఇంకొక ఆడమనిషి దగ్గర మిగిలిందీ తీసేసుకుంటాను.

చెప్పాను. “అవ్వా, ఈయన బతికే ఉన్నడు. ఇది పోయిన వారం తీసిన ఫోటో.”

నా మీద అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఫోటోను తిప్పి చూసింది, వెనక ఏమీ లేదు. మళ్ళీ ముందుకు తిప్పింది. పిల్ల వేలు ఇంకా దాని వైపే చాచి ఉంది.

“నా కొడుకు మొఖం నేనే మర్శిపోయిన్నా,” అంది. నన్ను అడిగినట్టు లేదు.

ఫోటోను బోర్లించి నా వైపు జరిపింది. చేట తీసుకుని బియ్యం ఏరబోయి పక్కన పెట్టేసింది. నేను ప్రింట్లన్నీ ఏరుకుని మెట్లు దిగుతుంటే వెనక నుంచి అంది: “దాన్ని రమ్మను.”

మంథని బస్సెక్కి ఆ మాట నేనే మోసుకుపోయాను. ఆమె బట్టల మూట కట్టుకుని అదే బస్సులో వెనక్కి వచ్చింది. అత్త ఎందుకు రమ్మన్నదని కూడా అడగలేదు. బిడ్డ ఆమెకు దక్కింది. ఆ ఇంట్లో మాత్రం మాటలు తగ్గిపోయాయని తర్వాత విన్నాను. ముసలామె ఎవరినైనా పేరు పెట్టి పిలిచే ముందు వాళ్ళ ముఖంలోకి చాలాసేపు చూసేదట. అది నేను పెట్టిన అలవాటు. ఇక కోడలు మా వీధిలోకి వస్తే స్టూడియో రాకముందే రోడ్డు దాటేది. అద్దాల పెట్టె అప్పటికే ఖాళీ. ఆమెకు ఆ సంగతి తెలుసు. అయినా దాటేది.

తర్వాత నేను చేసిందొకటే. షిఫ్టు విడిచే వేళ గేటు దగ్గరికి పోవడం మానేసి, లోపలికి దిగే వేళ పోవడం మొదలుపెట్టాను. అప్పుడు ముఖాలు కడిగి ఉంటాయి, తల నూనె పెట్టి దువ్వి ఉంటుంది. ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, తీయొచ్చా అని అడిగి, పేరూ క్వార్టరూ అడిగి తీసేవాణ్ణి. “మేం సస్తమని ముందే తీస్తున్నవా?” అని ఒకాయన నవ్వాడు. ఆయన పేరు రాసుకున్నాను. ప్రింటు వెనక పేరు రాసి, వాళ్ళ ఇంటికి పోయి, ఆడవాళ్ళ చేతికి ఇచ్చి వచ్చేవాణ్ణి. ముందు వైపు ఏమీ రాసేవాణ్ణి కాదు. వాటిలో కొన్నిటికి ఆ తర్వాత పూలదండలు పడ్డాయి.