ముందే పెట్టేసిన కృతజ్ఞత కూడిక

సహోదరులారా, సహోదరీలారా, ఈ మందిరంలో నన్ను చూసి జాలిపడిన కళ్ల ముందే ఈ ఉదయం నన్ను మళ్లీ నిలబెట్టిన దేవునికి వందనాలు చెల్లించి మొదలుపెడతాను.

పళ్ల డాక్టరు చదువు బీడీఎస్ అయ్యాక, పైచదువు ఎండీఎస్ సీటు కోసం విజయవాడ గవర్నర్‌పేటలో హాస్టల్లో ఉండి, పగలు ఒక క్లినిక్‌లో పనిచేస్తూ సాయంత్రం కోచింగుకి వెళ్లేదాన్ని. చదువు నాకు కష్టం కాలేదండీ, భయమే కష్టమైంది. కోచింగులో పెట్టే పరీక్షలన్నీ బాగా రాసేదాన్ని, అసలు పరీక్ష రోజున కంప్యూటర్ తెర మీద గడియారం కదలడం మొదలయ్యేసరికి అరచేతులకు చెమట పట్టి, మౌస్ జారిపోయి, నిన్న చదివిన పాఠం కూడా ఎప్పుడూ చూడనట్టే ఉండేది. మొదటిసారి అలాగే పోయింది. ఉన్న డిగ్రీతో క్లినిక్ పెట్టుకోవచ్చు కదా అని చుట్టాలందరూ అన్నారు. నేను మొండిదాన్ని, మళ్లీ పుస్తకాలు తెరిచాను. రెండోసారి కూడా ఆ హాల్లో అదే చెమట, అదే వణుకు!

ఇక్కడే మా అమ్మ సంగతి చెప్పాలి. అమ్మ మన ఊళ్లో అంగన్‌వాడీ టీచరని మీకు తెలుసు, ఆమె విశ్వాసం ఎలాంటిదో కూడా తెలుసు. ఫలితాలు రాకముందే కృతజ్ఞత కూడిక పెట్టేసింది! వద్దమ్మా, పరీక్ష బాగా రాయలేదని మొత్తుకున్నాను. "దేవుడు ఇచ్చేశాడమ్మా, మనం స్తోత్రం చెప్పడమే తరువాయి" అంది. పాస్టరు అయ్యగారికి చెప్పింది, సంఘాన్నంతా పిలిచింది, ఇంటి ముందు షామియానా వేయించింది. సరిగ్గా ఆ రోజు పొద్దున, పెరట్లో వంటవాళ్లు బిర్యానీకి పొయ్యి వెలిగిస్తుండగా, ఫోనులో ఫలితం వచ్చింది. నా ర్యాంకు ఎంత అట్టడుగున ఉందంటే దానికి సీటు అనే మాటే లేదు.

లోపలి గదిలో తలుపేసుకుని ఎంత ఏడ్చానో దేవునికే తెలుసు. బయట పాటలు మొదలయ్యాయి, కుర్చీలు నిండాయి, అమ్మ వచ్చి తలుపు తట్టింది. అప్పుడు నాకు దుఃఖం పోయి కోపం వచ్చింది, అమ్మ మీద, నా మీద, నిజం చెబుతున్నాను, దేవుని మీద కూడా! ఆ కోపంతోనే బయటికి వచ్చి మైకు తీసుకుని, నాకు సీటు రాలేదు, నాకు పరీక్షంటే వణుకు, అమ్మ మిమ్మల్ని ముందే పిలిచేసింది, భోజనం చేసి వెళ్లండి అని చెప్పేశాను. అయ్యగారు లేచి, ఈ బిడ్డ ఉన్నది ఉన్నట్టు చెప్పింది, మనం ఉన్నది ఉన్నట్టే ప్రార్థన చేద్దాం అన్నారు.

భోజనాలయ్యాక సుగుణమ్మ మామ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. ఆమె ఒప్పుకుంది గనుకనే చెబుతున్నాను, అదిగో ముందు వరసలో కూర్చుని నవ్వుతోంది. "డాక్టరమ్మా, అంతమందిలో నీ సిగ్గు నువ్వు చెప్పుకున్నావు గదా, నాది నీకు చెప్తన్నా. ఇంట్లో చాటుగా చుట్ట కాలుస్తా. నోట్లో పుండు మానట్లా" అంది. పుండు చూపిస్తే చుట్ట సంగతి బయటపడుతుందని, సంఘంలో పరువు పోతుందని, ఎన్నాళ్లుగానో దాచుకుందట! ఫోను లైటు వేసి చూశాను. అంగిట్లో తెల్లటి మచ్చ, దాని మధ్యలో ఎర్రటి పుండు. అది మంచిది కాదని అర్థమైంది, అంతకుమించి తేల్చి చెప్పే చదువు నాకు లేదు.

మర్నాడే ఆమెను పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడ నా వయసమ్మాయే, ఎండీఎస్ చదువుతున్న డాక్టరు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. క్యాన్సరే, కానీ మొదట్లోనే దొరికింది. ఆ వరండాలో బల్ల మీద కూర్చుని నేను చేసిన ప్రార్థన ఇది: "ప్రభువా, సీటు ఇవ్వమని, పరువు కాపాడమని ఇన్నాళ్లూ అడిగాను. ఇక అలా అడగను. ఇలాంటి నోరు చూసి ధైర్యంగా చెప్పగలిగే చదువు నాకు కావాలి. నా భయం నువ్వు తీసినా సరే, తీయకపోయినా సరే, నేను మాత్రం వదలను."

మూడోసారి పరీక్షకు వెళ్లాను. భయం రాలేదని అబద్ధం చెప్పను సహోదరులారా, వచ్చింది! అరచేతులు తడిశాయి. చున్నీతో చేతులు తుడుచుకుని, మామ్మ నోరు గుర్తు చేసుకుని, ఒక్కొక్క ప్రశ్నను ఎదుట కుర్చీలో కూర్చున్న మనిషిలా చూడటం మొదలుపెట్టాను. భయం పక్కనే కూర్చుంది, నా పని నేను చేసుకున్నాను. ఇన్నేళ్లు నన్ను కట్టేసిన దానికి ఆ రోజు నా మీద అధికారం లేకుండా చేసినవాడు ప్రభువే. నోటి జబ్బుల విభాగంలోనే నాకు సీటు ఇచ్చాడు, దేవునికే మహిమ! మామ్మకు ఆపరేషన్ అయింది, పచ్చడి అన్నం తింటోంది, చుట్ట మానేశానని కూడా అంటోంది.

సీటు వచ్చినప్పుడు అమ్మ మళ్లీ షామియానా అంది. "కూడిక అయిపోయిందమ్మా, భోజనాలూ అయిపోయాయి, మిగిలింది నా సాక్ష్యమే" అన్నాను. అదే ఈ రోజు చెల్లించుకుంటున్నాను, అందుకే ఇవాళ బిర్యానీ లేదు, క్షమించాలి.

ప్రియులారా, ఫలితం బాగున్నాక దేవుని దగ్గరకు వద్దామని ఆగకండి. పాడైన ఫలితంతోనే రండి, కోపంతోనైనా రండి, ఆయన తోసేయడు. ఇంకొక్క మాట. ఎవరికైనా నోట్లో మానని పుండు ఉంటే ఆరాధన అయ్యాక వెనక గదికి రండి, అద్దం, లైటు తెచ్చుకున్నాను. చుట్ట సంగతి అయ్యగారికి చెప్పను.