మేం పెట్టుకోని డిసెంబరాలు

మా వీధిలో మొక్కల ప్రేమికులు ఈ మధ్య బాగా పెరిగారు. మొక్కలే పెరగలేదు. బందరులో మాది కోర్టులకు దగ్గర వీధి. ఏ గేటు చూసినా రంగురంగుల ప్లాస్టిక్ కుండీలు వేలాడుతుంటాయి, వాటిలో పేరు తెలియని ఆకులేవో ఎండుతుంటాయి. కారు డిక్కీలో పెట్టుకుని కడియం నర్సరీల నుంచి తెస్తారు. తెచ్చిన రోజే ఫొటో తీసి వీధి వాట్సాప్ గ్రూపులో పెడతారు. అందరూ చప్పట్ల బొమ్మలు పెడతారు. ఆ తర్వాత మన బోరు నీళ్ళు పోస్తారు. ఆ ఉప్పు నీళ్ళతో పప్పే ఉడకదు, ఇక మొక్కేం బతుకుతుంది? నెల తిరిగేసరికి కుండీ ఖాళీ అవుతుంది, మళ్ళీ కడియం బయల్దేరతారు.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఈ లెక్క మాత్రం నాకెప్పుడూ తేలలేదు.

మా ఇంట్లో చెప్పుకోదగ్గ మొక్క ఒక్కటే ఉండేది. డిసెంబరాలు. నడుమెత్తు పొద. కార్తీకమాసం వెళ్ళేవేళకి కొమ్మ కొనలన్నీ మొగ్గ తొడిగి, క్రిస్మస్ దాటేదాకా పూస్తుంది. వాసన ఉండదు. అందరి దొడ్లలోనూ ఉండేవి ఉత్త ఊదా రంగువి. మాది ఊదా రేకు మీద తెల్ల చార ఉన్న రకం. ఇంత అందమైనదాన్ని గ్రూపువాళ్ళెవరూ ఏనాడూ అడగలేదు. అడగరు కూడా. ఇది కొనక్కర్లేదు, కొమ్మ గుచ్చితే వస్తుంది. ఊరికే వచ్చేదానికి మా వీధిలో విలువ లేదు.

అది మా అమ్మ మొక్క. దివిసీమలో, నాగాయలంక దగ్గర పల్లెలో మా దొడ్డికి ప్రహరీ గోడ లేదు, ఈ చారల డిసెంబరాలే కంచె. నాకు పెళ్ళయి బందరు వచ్చిన ఏడాది అమ్మ ఒక అంటుమొక్కని పాల కవర్లో పెట్టుకుని బస్సులో తెచ్చింది. గేటు పక్కన తనే గొయ్యి తీసి పాతింది. నాకు పాతడం రాదని కాదు, నామీద నమ్మకం లేక.

కంచె నిండా పూలున్నా మా అమ్మ తలలో ఏనాడూ పువ్వు లేదు. ఆమె వెళ్ళే సంఘంలో ఆడవాళ్ళు పూలు పెట్టుకోరు, నగలు పెట్టుకోరు. తెల్లచీర, బైబిలు, నున్నగా దువ్విన ముడి, అంతే. ఆదివారం పూలు స్టీలు గ్లాసులో ప్రసంగం బల్ల మీదికి వెళ్ళేవి. మిగతా రోజుల్లో చుట్టుపక్కల అమ్మాయిలకి వెళ్ళేవి. పొద్దున్నే పళ్ళేలు పట్టుకుని వచ్చేవాళ్ళు. అమ్మ తనే కోసి ఇచ్చేది. ఇచ్చి, "కట్టి పెట్టుకున్నాక ఓసారి వచ్చి చూపించి వెళ్ళండమ్మా" అనేది. వాళ్ళు బడికి వెళ్తూ కంచె దగ్గర ఆగి జడ ఇటు తిప్పేవాళ్ళు. అమ్మ చూసి తలూపేది. పూలు పారేయకుండా వాడుతున్నారో లేదో చూసుకుంటోందని అనుకునేదాన్ని.

నేను ఆ సంఘానికి తగ్గ కూతుర్ని. పెద్దవాళ్ళు చెప్పింది చెప్పినట్టు వినడమే కాక దానికి నాలుగు మాటలు కలిపేదాన్ని. పూలు పెట్టుకున్న అమ్మాయి ఎవరు కనిపించినా "తల మీద తోట మోసుకెళ్తోంది చూడమ్మా" అనేదాన్ని. పెళ్ళిళ్ళకి వెళ్తే ఒక్కొక్కరి జడకీ ఒక్కొక్క పేరు పెట్టేదాన్ని. అమ్మ ఏమీ అనేది కాదు. ఊరుకుందంటే ఒప్పుకున్నట్టే కదా అని నేను ఇంకా రెచ్చిపోయేదాన్ని.

డిసెంబరాల సంగతిలో అమ్మ పద్ధతి ఒక్కటే. కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక, పూలు ఆగిపోయాక, పొదని మోకాలెత్తుకి కోసేసేది. మొహమాటపడి చివర్లు మాత్రం గిల్లితే మొక్క పుల్లలా పొడుగు సాగి ఏడాదికి నాలుగు పూలు పూస్తుందని అనేది. వేసవంతా దాని జోలికి వెళ్ళేది కాదు. కాలవలకి నీళ్ళు వదిలాక కొమ్మలు నాటేది. మరీ లేతదీ కాకుండా, మరీ ముదరదీ కాకుండా పెన్సిలంత కొమ్మ తీసి, కణుపు కింద ఏటవాలుగా కోసి, కింది ఆకులు తీసేసి, రెండు కణుపులు మట్టిలో ఉండేట్టు నీడన గుచ్చేది. ఇంకా నమ్మకంగా కావాలంటే ఒక కొమ్మని వంచి, నేల మీద మట్టి కప్పి, పైన ఇటుకరాయి పెట్టేది. అక్కడే వేళ్ళు పడతాయి. ఆగస్టు దాటాక కత్తెర పట్టుకోకూడదు. ఆ తర్వాత వచ్చే చిగురు చివరే మొగ్గలు వస్తాయి. ఇంతకంటే ఇందులో శాస్త్రమేమీ లేదు.

ఇంత చిన్న విషయం గుడివాడలో ఉన్న మా ఆడపడుచుకి ఎక్కలేదు. ఆవిడ మావారి అక్క. వాళ్ళ సంఘంలో పూలూ నగలూ అన్నీ ఉంటాయి కాబట్టి ఆవిడకి అన్నీ ఉన్నాయి. మాట్లాడితే చేతులకున్న గాజులు ముందు మాట్లాడతాయి. మా అమ్మకి కంటి ఆపరేషను గుడివాడలో చేయించినప్పుడు నాకు సెలవు దొరక్క ఆవిడ వారం రోజులు ఇంట్లో ఉంచుకుంది. ఆ వారాన్ని ఆవిడ ఇప్పటికీ ఏ ఫంక్షనులోనూ మర్చిపోలేదు.

ఆవిడ ప్రతి వర్షాకాలం నా దగ్గర కొమ్మలు అడిగి పట్టుకెళ్ళేది. ప్రతి ఏడూ చంపేది. ఫోనులో వీడియోలు చూసి ఒకసారి అరటితొక్కల నీళ్ళు పోసింది, ఇంకోసారి కాఫీపొడి చల్లింది, ఉల్లిపొట్టు నానబెట్టి పోసింది. హాల్లో సోఫా పక్కన పెట్టి ఏసీ వేసింది. అన్నిటికంటే ఘోరం, వేరు పట్టిందో లేదోనని రెండు రోజులకోసారి కొమ్మని పైకి పీకి చూసేది. అన్నం ఉడుకుతుంటే మూత తీసి చూడొచ్చు, మొక్కని పీకి చూస్తారా? ఈ మాట ఆవిడ మొహం మీదే అన్నాను. చుట్టాలందరి ముందూ అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. ఆ తర్వాత కొమ్మలు అడగడం మానేసింది. హమ్మయ్య, నా పొదకి పీడ విరగడైందనుకున్నాను.

అమ్మ పోయిన మరుసటి ఏడాది మా అన్నయ్య ఆ దొడ్డిని రొయ్యల చెరువుల వాళ్ళకి లీజుకిచ్చాడు. కంచె ఏమైందని అడిగితే, ఏ కంచె అన్నాడు. అక్కడ ఇప్పుడు ఉప్పునీళ్ళూ, గిర్రున తిరిగే ఫ్యాన్లూ ఉన్నాయి. అంటే ఆ చారల రకం మా గేటు పక్కన తప్ప ఎక్కడా మిగల్లేదన్నమాట. దాని గింజలు మొలకెత్తినా చారలు రావని అమ్మ ఎప్పుడో చెప్పింది. కాబట్టి నేను మున్సిపల్ కుళాయి వచ్చినప్పుడు మనుషులకి పట్టకముందు దానికి రెండు బకెట్లు పట్టేదాన్ని.

ఇక మా ఇంటాయన సంగతి. క్రైస్తవుల ఇళ్ళలో నవంబరు వచ్చిందంటే మగవాళ్ళకి ఒక పూనకం వస్తుంది. ఇల్లు దులపాలి, సున్నాలు వేయించాలి, నక్షత్రం కట్టాలి. ఏడాది పొడుగునా గోడ ఎలా ఉందో చూడని మనిషికి యేసు పుట్టేది ఆ గోడ పక్కనే అన్నంత కంగారు పుడుతుంది. క్రిందటేడు నేను బడికి వెళ్ళిన పూట ఆయన ఆఫీసుకి సెలవు పెట్టి పెయింటర్లని పిలిపించారు. పొద గోడకి తగులుతోందట. రంగు అంటుకుంటుందట. ఎవరికి? కొమ్మ కొమ్మకీ మొగ్గ వచ్చి ఉన్న పొదని నేలమట్టం చేయించారు.

కొడితే మళ్ళీ చిగురిస్తుంది, డిసెంబరాలు అంత సులువుగా చచ్చే జాతి కాదు. అందుకేనేమో, పెయింటర్లు బ్రష్షులు కడిగిన థిన్నరు డబ్బాడు తెచ్చి సరిగ్గా ఆ మొదట్లోనే పోశారు. నేను సాయంత్రం వచ్చేసరికి గోడ తళతళలాడుతోంది, మొదలు నల్లగా కంపు కొడుతోంది. కనీసం కొమ్మలైనా ఉంటే గుచ్చుకుందామని, ఏవని అడిగాను. చెత్త బండికి వేశామన్నారు ఆయన, చాలా శుభ్రమైన పని చేసినవాడిలా. తర్వాత నా మొహం చూసి మొక్క మొదట్లో బకెట్లు బకెట్లు నీళ్ళు పోశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. మూడు వారాలు చూశాను. మొదలు గోరుతో గీకితే లోపల ఎక్కడా పచ్చదనం లేదు.

నేను ఆయనతో మాట్లాడటం మానేశాను. చెట్టు కోసమా ఇంత అన్నారాయన. ఆ మాటతో ఇంకో వారం పెంచాను. మా అమ్మ చేత్తో పెట్టింది ఈ భూమ్మీద ఇంకేదీ మిగల్లేదని ఆయనకి విడమరిచి చెప్పాలా?

క్రిస్మస్ ముందు వారం అక్కగారికి చీర, కేకు ఇచ్చి రమ్మని ఆయన నన్ను గుడివాడ పంపారు. తనకి తీరిక లేదట. నాకేమో మొహమంతా చిరాకు. ఆవిడ హాలు నిండా ప్లాస్టిక్ ఆర్కిడ్లు, వాటికి మెరుపు చల్లారు. కాఫీ తాగి, కప్పు కడుగుదామని పెరట్లోకి వెళ్ళాను. బట్టలుతికే రాయి వెనక, సబ్బునీళ్ళు పారే చోట, నా భుజాలెత్తు పొద ఉంది. ఊదా రేకు మీద తెల్ల చార. చెట్టు కనపడకుండా పూసింది.

కప్పు రాయి మీద పెట్టేశాను. నా కొమ్మల్లో ఒకటి ఎలాగో బతికిందన్నమాట, బతికిన సంగతి కడుపులో పెట్టుకుని నా దగ్గర దాచిందన్నమాట అనుకున్నాను. వెనకే వచ్చిన వదిన నా చూపు పట్టేసింది.

"అది నీ కొమ్మ కాదమ్మాయ్" అంది. "నీవన్నీ చచ్చిపోయాయి. ఇది అత్తయ్యగారు తెచ్చిచ్చారు."

అత్తయ్యగారంటే మా అమ్మ. నా దగ్గర కొమ్మలు తెచ్చుకుని వదిన చంపుకుంటోందని ఎవరో చెప్తే విని, అమ్మ ఒకసారి దివిసీమ నుంచి నేరుగా గుడివాడ వచ్చిందట. వేళ్ళు పట్టిన అంటు తెచ్చి, సోఫా పక్కన వద్దు, వాడకం నీళ్ళు పారేచోట పెట్టి మర్చిపొమ్మందట. ఆవిడ నిజంగానే మర్చిపోయింది, అందుకే బతికింది. నాకెందుకు చెప్పలేదని అడిగాను. అత్తయ్యగారే వద్దన్నారంది. ఎందుకు వద్దన్నారని అడిగాను. వదిన గాజులు సర్దుకుంది.

"ఇది మొదటిసారి పూసినప్పుడే అత్తయ్యగారికి కంటి ఆపరేషనైంది" అంది. "కట్టు విప్పాక ఇక్కడే కుర్చీ వేసుకుని కూర్చునేవారు. రంగు ఇప్పుడు బాగా తెలుస్తోందమ్మా అన్నారు. ఓ రోజు ఇంట్లో ఎవరూ లేరు. నాలుగు పూలు ముళ్ళో పెట్టమన్నారు. పెట్టాను. అద్దం తెమ్మన్నారు. అటు తిరిగీ ఇటు తిరిగీ చాలాసేపు చూసుకున్నారు. మళ్ళీ ఆవిడే తీసేసి నా చేతిలో పెట్టారు."

"సంఘంలో తెలుస్తుందని భయపడింది" అన్నాను నేను.

"సంఘం ఊసెత్తలేదు. మా అమ్మాయికి చెప్పకు, అది నవ్వుతుంది అన్నారు."

నన్ను దెప్పడానికి వదినకి అది మంచి అవకాశం. నేనైతే వదిలేదాన్ని కాదు. ఆవిడ లోపలికి వెళ్ళి కత్తి తెచ్చి, పొద పక్కన ఒక ఇటుకరాయి ఎత్తింది. దాని కింద వంచి పెట్టిన కొమ్మకి తెల్లగా వేళ్ళు దిగి ఉన్నాయి. తల్లి కొమ్మ నుంచి దాన్ని కోసి, మట్టితో సహా పాల కవర్లో పెట్టి ఇచ్చింది. అచ్చం అమ్మ చేసినట్టే. ఆవిడకి చేతకాదని ఇన్నాళ్ళూ నేను ఊరంతా చెప్పాను.

తిరుగు బస్సులో కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియని కోపం. ఒక్కమాట అడిగి ఉంటే నేనే పెట్టేదాన్ని కదా అనుకున్నాను. పెట్టేదాన్నా? పెట్టేదాన్నేమో, ఒక మాట కూడా కలిపి పెట్టేదాన్ని. అంతమంది ఆడపిల్లల జడలు చూసి తలూపిన మనిషికి తన ముడి చూసి తలూపేవాళ్ళు కావాలంటే, గాజుల గలగలల దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. మధ్యలో మావారు, వాళ్ళక్క చెప్పినట్టుంది, ఫోను చేసి, మొక్క దొరికిందటగా, మళ్ళీ గోడ పక్కనే పెడతావా అని మెల్లగా అడిగారు. గోడకి తగిలితే ఈసారి గోడ కొట్టిస్తానని చెప్పి పెట్టేశాను.

గుడ్లవల్లేరులో కాలేజీ అమ్మాయిలు గుంపుగా ఎక్కారు. కాలేజీలో క్రిస్మస్ వేడుకలట, అందరూ చీరలు కట్టుకున్నారు. ఒకమ్మాయి నా సీటు పక్కన నిలబడింది. జడ నిండా కనకాంబరాలు, ఒక పక్కకి జారి వేలాడుతున్నాయి. తల మీద తోట అనే మాట అలవాటుగా నాలిక చివరిదాకా వచ్చింది. ఆ అమ్మాయి నావైపు తిరిగి, "పూలు జారిపోతున్నాయాంటీ?" అని అడిగింది.

కవరు సీటులో పెట్టి లేచాను. పిన్ను తీసి సరిగ్గా గుచ్చాను. "బాగున్నాయమ్మా" అన్నాను. ఆ మాట నా నోటికి అలవాటు లేదు. జడ చూసి తలూపాను.