మోత మందం

గిటారు మోతను గరుకుగా మార్చే ఆ చిన్న పెడల్ మూత విప్పనిదే మేస్టారికి పొద్దు గడవదు. మోత మందంగా ఉందంటూ ఏడాదిగా అందులో కెపాసిటర్లు మారుస్తూనే ఉన్నాడు. పీకినవాటిని అగ్గిపెట్టెల్లో దాస్తాడు. టంకం వేసేటప్పుడు నాలుక కొన పళ్ల మధ్య బిగబట్టుకుంటాడు. కొత్తది వేసిన ప్రతిసారీ తీగ మీటి, మొహం చిట్లిస్తాడు. నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. ఈ ఉదయం విసుగొచ్చి, పాతవన్నీ తిరిగి అతికించి మీటాడు. అదే మందం.

"పెట్టెల్లో పడి ఉండి ఇవి కూడా చచ్చాయన్నమాట," అని గొణుక్కున్నాడు.

వెనక గుమ్మంలో భార్య రెండు చెవులూ మూసుకుని, "ఆపండి బాబూ, చెవులు చిల్లులు పడుతున్నాయి!" అని అరిచింది.

అతను తల తిప్పలేదు. స్పీకరుకు చెవి ఆనించి, సౌండు ఇంకాస్త పెంచాడు.