నాటకానికెక్కిన అమ్మ స్వెట్టరు

నా చిన్నప్పుడు మేమున్న ఊళ్లో ఏడాదికోసారి ఒక నాటకం వేసేవారు. అందులో ఊరంతా పాత్రలే, వేసేవాళ్లు మాత్రం ఇద్దరే. ఇల్లినాయ్‌లో, చుట్టూ మొక్కజొన్న చేలున్న చిన్న ఊరు మాది. మా నాన్న అక్కడ డాక్టరు. తెలుగు వినిపించేది మా ఒక్క ఇంట్లోనే.

ఆ ఇద్దరిలో ఒకరు మా పక్కింటాయన, ట్రాక్టర్లు బాగుచేసేవాడు. రెండో ఆవిడ మా స్కూలు బస్సు నడిపేది. అమ్మ నా చేత వాళ్లని అంకుల్ అనీ ఆంటీ అనీ పిలిపించేది. ఫైర్ స్టేషన్‌లో బళ్లు బయటపెట్టి, కుర్చీలు వేసి, శుక్రవారం సాయంత్రం ఒకసారి, శనివారం సాయంత్రం ఒకసారి ఆడేవారు. టోపీ పెడితే అంకుల్ మేయరు, కళ్లజోడు పెడితే పోస్టాఫీసావిడ. ఆ టోపీ, ఆ కళ్లజోడు నిజంగా వాళ్లవే. వారం ముందు అంకుల్ ఇంటింటికీ వెళ్లి అడిగి తెచ్చేవాడు. ఎవరి వస్తువు అడిగితే వాళ్లు ఆ ఏడు నాటకంలో ఉన్నట్టు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆయన మా తలుపు కొట్టాడు. అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఆయనకి కావలసింది అమ్మ చీర మీద వేసుకునే నాన్న పాత స్వెట్టరూ, మంచులో వేసుకునే నాన్న పాత బూట్లూ.

అమ్మ ఆ వేషంలోనే కొట్టుకి వెళ్లేది. టమాటాలు ఒక్కొక్కటీ నొక్కి చూసేది. అన్నీ తూచాక కొసరు అడిగేది. అక్కడ కొసరంటే ఎవరికి తెలుసు? కొట్టాయన మొదట్లో తెల్లబోయినా, తర్వాత్తర్వాత ఒక నిమ్మకాయో రెండు మిరపకాయలో తనే సంచిలో వేసేవాడు. నా క్లాసు పిల్లలు కనిపిస్తే నేను బిస్కెట్ల అరల వెనక దాక్కునేదాన్ని. ఇప్పుడు అదంతా ఊరందరి ముందూ ఆడతారా?

“అమ్మ ఇవ్వనంది అంకుల్,” అనేశాను. ఆయన ముఖం చిన్నబోయింది. పర్లేదులే అని వెళ్లిపోయాడు.

శుక్రవారం అమ్మ పట్టుచీర కట్టుకుని రెండో వరసలో కూర్చుంది. నాన్న స్టెతస్కోపు మెడలో వేసుకుని అంకుల్ వచ్చాడు. కాలు విరిగినవాడికీ, ఆవు తప్పిపోయినవాడికీ కూడా వేణ్ణీళ్లు తాగమని చెప్పాడు. నాన్న కడుపు పట్టుకుని నవ్వాడు. ఎవరి వంతు వస్తే వాళ్లే అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నారు. ఒక్కో పాత్ర వెళ్లగానే అమ్మ కొంచెం ముందుకి జరిగి కూర్చునేది. అలా చూస్తుండగానే నాటకం అయిపోయింది.

కారు ఎక్కగానే అమ్మ నాన్నతో అంది:

“ఏడేళ్లయిందండీ మనం ఈ ఊరొచ్చి. పోస్టాఫీసావిడ కుక్కని కూడా వేశారు. నేను మాత్రం లేను.”

“వచ్చే ఏడు పెడతారులే,” అన్నాడు నాన్న.

“మీకేం, మీరు ఉన్నారుగా.”

వెనక సీట్లో నాకు ఏడుపొచ్చేసింది. చేసిందంతా చెప్పేశాను. అమ్మ వెనక్కి తిరిగింది.

“నేనంటే సిగ్గేంటే నీకు?”

మర్నాడు పొద్దున్నే అమ్మ స్వెట్టరు మడిచి, బూట్లు తుడిచి నా చేతిలో పెట్టింది. “నువ్వే ఇచ్చిరా. అబద్ధమాడింది నువ్వేగా,” అంది.

అంకుల్ షెడ్డులో ఉన్నాడు. తలొంచుకుని చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఒక మనిషిలా నడవాలంటే ముందు ఆ మనిషిని ఇష్టంగా చూడాలనీ, మా అమ్మ నడక పట్టుకోవడానికి తనకి నెలరోజులు పట్టిందనీ అన్నాడు. బూట్లు వేసుకుని షెడ్డులో అటూ ఇటూ నడిచి చూపించాడు. అచ్చం అమ్మే. ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను.

ఆ సాయంత్రం ఆయన పూల దుప్పటిని చీరలా చుట్టుకుని, పైన స్వెట్టరు వేసుకుని వచ్చాడు. ఆంటీ ట్రాక్టర్లు అమ్మేవాడి వేషంలో ఉంది. అంకుల్ ఒక్కో చక్రం నొక్కి చూసి, బేరమాడి, ట్రాక్టరు కొని, “కొసరు?” అని చెయ్యి చాపాడు. ఆంటీ నిట్టూర్చి ఇంకో చక్రం దొర్లించుకుంటూ తెచ్చి ఇచ్చింది. జనం నవ్వులకి ఫైర్ స్టేషన్ దద్దరిల్లింది. కొట్టాయన అయితే లేచి నిలబడ్డాడు.

అమ్మ కూడా లేచింది. నేరుగా స్టేజీ ఎక్కి, “పైట ఈ భుజం మీదకి రావాలి,” అని తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పి, అంకుల్ దుప్పటి విప్పి సరిగ్గా కట్టింది. ఆయన చిన్నపిల్లాడిలా చేతులు పైకెత్తి నిలబడ్డాడు. దిగి వస్తూ అమ్మ నా క్లాసు పిల్లల వైపు చెయ్యి ఊపింది. నేను దాక్కోలేదు.

ఇప్పుడు నేను ఇల్లినాయ్‌లోనే నేపర్‌విల్ అనే పట్నంలో ఉంటున్నాను. నేను ఫోన్‌లో ఎలా అరుస్తానో నా మనవరాలు తన ఫ్రెండ్స్‌కి చేసి చూపిస్తుంటుంది. మొన్న నేను గదిలోకి వెళ్లేసరికి ఠక్కున ఆపేసింది.

“సారీ అమ్మమ్మా, జస్ట్ ఫన్‌కి చేశాను.”

“ఆపకే. ఇది లేకుండా నాలా ఎలా అవుతావు?” అని నా కళ్లజోడు తీసి ఇచ్చాను.

అది లేకపోతే నాకు మనుషులు మసగ్గా కనిపిస్తారు. అయినా అక్కడే కూర్చున్నాను. పిల్లల నవ్వుని బట్టి, నా మనవరాలు నన్ను బాగానే చేస్తోందని తెలిసింది.